గుండీలతో కొలిచిన పిల్లలు

1908 చివర్లో అమెరికాలోని సౌత్ కరొలైనా రాష్ట్రం, లాంకస్టర్ అనే ఊళ్ళో ఒక నూలు మిల్లు లోపల తీసిన ఫొటో ఉంది. కంటికి ఆనినంత దూరం కదుళ్ళ వరస. దాని ముందు ఒక చిన్నపిల్ల, చెయ్యి యంత్రం మీద వేసి నిలబడి ఉంటుంది. ఫొటో తీసినాయన రాసుకున్న వివరంలో పిల్ల పేరు ఉంది, ఎత్తు 48 అంగుళాలని ఉంది, ఆరు నెలలుగా పనిచేస్తోందని ఉంది. వయసు మాత్రం లేదు.

వయసు బదులు ఎత్తు రాయడం ఏమిటి? అడిగితే నిజం చెప్పేవాళ్ళు లేరు మరి. మిల్లు మేస్త్రీ పన్నెండు నిండాయనేవాడు, పిల్లలూ అదే అప్పజెప్పేవాళ్ళు. కాగితం చూసి తేల్చుకుందామంటే చాలా రాష్ట్రాల్లో బర్త్ సర్టిఫికెట్ అనేదే సరిగ్గా లేదు. అందుకని ఆ ఫొటోగ్రాఫర్, లూయిస్ హైన్, ఒక ఉపాయం పట్టాడు. తన కోటు గుండీలు ఒక్కొక్కటి నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో ముందే కొలిచి పెట్టుకున్నాడు. పిల్లల పక్కన నిలబడి మాటల్లో పెట్టి, తల ఏ గుండీ దాకా వచ్చిందో చూసుకునేవాడు. జేబులో దూర్చిన చేతితో, లోపలే ఉన్న కాగితం మీద ఆ అంకె గీకేసేవాడు.

బాల కార్మికుల చరిత్రను మామూలుగా ఒక వరసలో చెబుతారు: ముందు పాపిష్టి యజమానులు, తర్వాత మనసున్న సంస్కర్తలు, చివరికి 1938లో చట్టం. అది అబద్ధం కాదు గానీ సగమే. ఆ గొడవంతా దగ్గర్నుంచి చూస్తే అడుగడుగునా ఒక లెక్కల తగాదా కనిపిస్తుంది. ఎవరు పిల్లలు? ఆ సంగతి ఎవరు తేల్చాలి, దేన్ని చూసి తేల్చాలి? లెక్కలోకి వచ్చిన పిల్లలకి రక్షణ దొరికింది. లెక్కలోకి రానివాళ్ళలో కొందరు ఇంకా బయటే ఉన్నారు.

పొలం అలవాటు, మిల్లు గంట

అమెరికాలో మొదటి నూలు మిల్లు మొదలైనదే పిల్లలతో. 1790లో రోడ్ ఐలండ్‌లోని పాటకెట్‌లో శామ్యూల్ స్లేటర్ యంత్రాలు నడిపించినప్పుడు తొలి కార్మికులు తొమ్మిదిమంది. అందరూ ఏడు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళే. అప్పట్లో అది ఎవరికీ తప్పుగా తోచలేదు. పొలం ఉన్న ఇంట్లో నడక వచ్చిన బిడ్డ దగ్గర్నుంచి అందరికీ ఏదో ఒక పని ఉండేది. పనిలేని పిల్లలు చెడిపోతారని పెద్దల నమ్మకం.

పొలంలో పని రుతువుని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. వాన పడితే ఆగుతుంది. పక్కన నాన్నే ఉంటాడు. మిల్లులో గంట కొడితే మొదలు, గంట కొడితే ఆఖరు, మధ్యలో యంత్రం ఆగదు. పేరు పాతదే అయినా పని వేరు. ఈ తేడా అందరికంటే ముందు తెలిసింది పిల్లలకే. మసాచుసెట్స్‌లోని లోవెల్ మిల్లులో పదేళ్ళకే చేరిన హ్యారియట్ హాన్సన్ అనే పిల్ల నిండిన కండెలు తీసి ఖాళీవి పెట్టే పని చేసేది. 1836లో అక్కడ ఆడవాళ్ళు సమ్మెకు దిగినప్పుడు తన గదిలోని పెద్ద అమ్మాయిలు వెళ్దామా వద్దా అని తర్జనభర్జన పడుతుంటే, మీరు వచ్చినా రాకపోయినా నేను వెళ్తున్నానని ముందు నడిచింది. వెనక్కి తిరిగి చూస్తే గది మొత్తం ఆమె వెంట ఉంది. ఆమెకి అప్పటికి పదకొండేళ్ళు.

అదే ఏడాది మసాచుసెట్స్ ఒక చట్టం చేసింది. పదిహేనేళ్ళలోపు పిల్లలు ఫ్యాక్టరీలో పనిచేస్తే ఏడాదికి కనీసం మూడు నెలలు బడికి వెళ్ళాలి. మిగతా తొమ్మిది నెలల సంగతి ఎవరూ అడగలేదు.

అంతర్యుద్ధం తర్వాత మిల్లులు దక్షిణాదికి నడిచాయి. అక్కడ పత్తి దగ్గర, కూలి చవక, చట్టాలు తక్కువ. అప్పుల్లో మునిగిన తెల్లజాతి రైతు కుటుంబాలు కొండల నుంచీ పొలాల నుంచీ దిగి మిల్లు ఊళ్ళకి చేరాయి. ఇల్లు మిల్లుదే, కొట్టూ మిల్లుదే, చాలాచోట్ల చర్చి కట్టించిందీ మిల్లే. ఇల్లు కావాలంటే ఇంటికి ఇంతమంది చొప్పున పనిలోకి పంపాలి. తండ్రి ఒక్కడి జీతంతో ఇల్లు గడవదు. ఎందుకు గడవదంటే, పిల్లలూ పనిచేస్తారన్న ధీమాతోనే పెద్దవాళ్ళ జీతం అంత తక్కువ పెట్టారు. పిల్లల్ని పంపకపోతే తిండి లేదు, పంపితే పెద్దల జీతం పెరగదు. దీన్ని తల్లిదండ్రుల దురాశ అని రాసిపారేసిన పత్రికలు ఆ రోజుల్లో బోలెడు. అలా రాసినవాళ్ళు ఆ జీతాల పట్టీ చూసి ఉండరు.

మిల్లుల్లో ఇంకో మాట ఉండేది: సాయం. తల్లితోనో అక్కతోనో వచ్చిన ఆరేడేళ్ళ పిల్లలు తెగిన పోగులు ముడివేస్తూ ఉండేవాళ్ళు. వాళ్ళ పేర్లు జీతాల పుస్తకంలో ఉండవు. తనిఖీకి వచ్చినవాళ్ళు అడిగితే, వీళ్ళు పనివాళ్ళు కాదు, అక్కకి అన్నం తెచ్చారు, ఊరికే సాయం చేస్తున్నారు అని జవాబు. జార్జియాలోని మేకన్‌లో 1909లో హైన్ తీసిన ఫొటోలో ఇద్దరు కుర్రాళ్ళు తిరుగుతున్న యంత్రం అంచు మీదికి కాళ్ళతో ఎక్కి ఉంటారు. నేల మీద నిలబడితే కండెలు అందవు.

పావలా పెడితే వయసు

1900 జనాభా లెక్కల్లో పది నుంచి పదిహేనేళ్ళ మధ్య సంపాదనలో ఉన్న పిల్లలు 17.5 లక్షలు. అంటే ఆ వయసు వాళ్ళలో ఆరుగురికి ఒకరు, కొంచెం ఎక్కువే. పాఠ్యపుస్తకాలన్నీ ఈ అంకె చెబుతాయి. అయితే పదేళ్ళలోపు పిల్లల పని గురించి ఆ లెక్కల వాళ్ళు అడగనేలేదు. గుండీ ఎత్తు పిల్లలు ఆ 17.5 లక్షల్లో లేరు.

అప్పటికే చాలా రాష్ట్రాల్లో వయసు చట్టాలున్నాయి. పెన్సిల్వేనియా బొగ్గు కర్మాగారాల్లో పన్నెండేళ్ళలోపు వాళ్ళు ఉండకూడదని 1885లోనే రాశారు. అక్కడ గని నుంచి వచ్చిన బొగ్గు ఏటవాలు దోనెల్లో జారుతూ వస్తుంటే, పైన పలకల మీద వంగి కూర్చున్న కుర్రాళ్ళు దాంట్లోంచి రాళ్ళు ఏరాలి. చేతులకి తొడుగులు వేసుకోనిచ్చేవాళ్ళు కాదు, వేళ్ళకి స్పర్శ తెలియాలని. కొత్తగా చేరినవాళ్ళ వేళ్ళు వాచి, పగిలి, రక్తం కారేవి. ఆ ఎర్రబడ్డ వేలి కొసలకి గని ఊళ్ళలో ఒక ప్రత్యేకమైన పేరే ఉండేది. 1911 జనవరిలో హైన్ వెళ్ళినప్పుడు దుమ్ముకి ఎదుటివాళ్ళు కనిపించలేదట. పిల్లల వెనక కర్రతో పొడుస్తూ కాలితో తన్నుతూ ఒక పెద్దమనిషి నిలబడి ఉంటాడని కూడా రాసుకున్నాడు.

చట్టం ఉండగా ఇది ఎలా సాగింది? వయసుకి రుజువు తండ్రి ప్రమాణమే కాబట్టి. నోటరీ దగ్గరికి వెళ్ళి, నా కొడుక్కి పన్నెండు నిండాయని చెప్పి, ఒక చిన్న నాణెం ఇస్తే కాగితం చేతికొస్తుంది. మన పావలా లాంటి పావు డాలరు. పావలాకి పిల్లవాడు రెండేళ్ళు పెద్దవాడైపోయేవాడు. 1893లో ఇల్లినాయ్ రాష్ట్ర ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్‌గా చేరిన ఫ్లోరెన్స్ కెల్లీ ఈ కాగితాలతోనే ఎక్కువ పోరాడింది. ఆమెకి చిన్నప్పుడు తండ్రి చదవడం నేర్పింది ఇటుక బట్టీల్లో మట్టి మోసే ఇంగ్లండ్ పిల్లల గురించిన పుస్తకంతో. ఇంట్లో పెద్దవాళ్ళకది నచ్చలేదు గానీ పాఠం మాత్రం గట్టిగా పట్టింది.

1904లో జాతీయ బాల కార్మిక సంఘం పుట్టింది. హైన్‌ని పూర్తికాలం ఉద్యోగంలోకి తీసుకుంది ఈ సంఘమే, 1908లో. అంతకుముందు ఆయన న్యూయార్క్‌లో బడిపంతులు. మిల్లు గేటు దగ్గర బైబిళ్ళు అమ్మేవాడిననో, అగ్నిప్రమాదాల తనిఖీకి వచ్చాననో, యంత్రాల ఫొటోలు తీసుకుంటాననో చెప్పి లోపలికి దూరేవాడు. యంత్రం ఎంత పెద్దదో తెలియాలంటే పక్కన ఒక పిల్లని నిలబెట్టండి అని మేస్త్రీతోనే చెప్పి తీసిన ఫొటోలూ ఉన్నాయంటారు. ఆయన తీసిన అయిదు వేలకు పైగా ఫొటోలు ఇప్పుడు అమెరికా జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆయన మాత్రం 1940లో ఇల్లు కూడా పోగొట్టుకుని పేదరికంలో పోయాడు.

ఆ ఫొటోల్లో ఒక విషయం గమనించాలి. పిల్లలు సాధారణంగా ఏడుస్తూ కనిపించరు. నేరుగా కెమెరా వైపు చూస్తారు, కొందరు నవ్వుతారు, కొందరు సిగరెట్టు పట్టుకుని పెద్దమనిషి పోజు పెడతారు. జాలి కోసం తీసిన ఫొటోలే అయినా అందులో ఉన్నవాళ్ళు జాలిగా నిలబడలేదు.

కాగితాలమ్మే కుర్రాళ్ళూ, ఒక ముసలమ్మా

సంస్కర్తల కంటే ముందు పిల్లలే తమ లెక్క తాము చూసుకున్న సందర్భాలున్నాయి. వాటిలో బాగా చెప్పుకునేది 1899 జులైలో న్యూయార్క్ పేపర్ బాయ్స్ సమ్మె. వంద పత్రికల కట్టని 50 సెంట్లకి కొని, ఒక్కొక్కటి సెంటుకి అమ్మేవాళ్ళు. స్పెయిన్‌తో యుద్ధం వచ్చి అమ్మకాలు పెరిగాక కట్ట ధర 60 సెంట్లు చేశారు. యుద్ధం అయిపోయాక మిగతా పత్రికలు తగ్గించాయి గానీ పులిట్జర్ 'వరల్డ్', హర్స్ట్ 'జర్నల్' తగ్గించలేదు. వందకి పది సెంట్లంటే కుర్రాడి లాభంలో అయిదో వంతు. రెండు వారాల పాటు ఆ రెండు పత్రికలూ వీధుల్లో సరిగ్గా అమ్ముడుపోలేదు. ఒక కన్ను కనిపించని కుర్రాడొకడు, కిడ్ బ్లింక్ అని పిలిచేవాళ్ళు, నాయకుల్లో ముఖ్యుడు. చివరికి ధర తగ్గలేదు గానీ, అమ్ముడుపోని పత్రికలు వెనక్కి తీసుకుంటామని యజమానులు ఒప్పుకున్నారు. అంతకుముందు మిగిలిపోయినవన్నీ పిల్లల నెత్తినే పడేవి. లెక్క వేసి చూస్తే ఇది చిన్న గెలుపేమీ కాదు.

బాల కార్మికుల గురించి గుండెలు కరిగేలా సంపాదకీయాలు రాసిన పత్రికలు కూడా తమ పేపర్ బాయ్స్ సంగతి వచ్చేసరికి వేరే మాట వాడాయి. వాళ్ళు కార్మికులు కాదు, చిన్న వ్యాపారులట. ఆ మాట తర్వాత చట్టంలోకీ ఎక్కింది.

ఇక మదర్ జోన్స్, కార్మికుల తరఫున ఊరూరా తిరిగి పోరాడిన ముసలావిడ. 1903లో ఫిలడెల్ఫియాలోని కెన్సింగ్టన్ ప్రాంతంలో బట్టల మిల్లుల సమ్మె జరుగుతుంటే, పిల్లల గురించి ఎందుకు రాయరని ఆమె పత్రికల వాళ్ళని అడిగింది. మిల్లు యజమానులకి మా పత్రికల్లో వాటాలున్నాయని వాళ్ళు చెప్పారట. నాకు ఈ పిల్లల్లో వాటా ఉంది అని బదులిచ్చి, జులై 7న కొంతమంది పిల్లల్నీ పెద్దల్నీ వెంటబెట్టుకుని న్యూయార్క్ వైపు నడక మొదలుపెట్టింది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ వేసవి ఇంటిదాకా వెళ్ళారు. ఆయన కలవలేదు. అయినా దారి పొడవునా ఊళ్ళలో వేళ్ళు తెగిన పిల్లల్ని జనం కళ్ళారా చూశారు.

బడి కంటే ఫ్యాక్టరీయే నయం

ఈ కథలో సంస్కర్తలు ఎక్కువగా పక్కన పెట్టిన ఒక సర్వే ఉంది. 1909లో షికాగోలో హెలెన్ టాడ్ అనే ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ 500 మంది పిల్లల్ని ఒకే ప్రశ్న అడిగింది. మీ నాన్నకి మంచి ఉద్యోగం ఉండి, నువ్వు పనికి వెళ్ళాల్సిన అవసరం లేకపోతే బడికి వెళ్తావా, ఇక్కడే ఉంటావా? 412 మంది ఫ్యాక్టరీలోనే ఉంటామన్నారు.

కారణాలు చదివితే పరిస్థితి అర్థమవుతుంది. బడిలో పాఠం రాకపోతే కొడతారు, గుసగుసలాడితే కొడతారు, కుర్చీ కిర్రుమంటే కొడతారు. వీళ్ళలో చాలామంది యూరప్ నుంచి వలస వచ్చిన ఇళ్ళ పిల్లలు. వాళ్ళ ఇంగ్లీషుని, వాళ్ళ పేర్లని చూసి తరగతిలో నవ్వేవాళ్ళు. ఫ్యాక్టరీలో పని రాకపోయినా ఎవరూ కొట్టరు, వారం తిరిగేసరికి జీతం కవరు అమ్మ చేతిలో పెడితే ఇంట్లో గౌరవం. పనిలోంచి పిల్లల్ని బయటికి లాగితే చాలనుకున్నవాళ్ళకి ఈ 412 అంకె మింగుడుపడలేదు. లాగి ఎక్కడ పెట్టాలి? పెట్టే చోటు ఎలా ఉంది? బడి తప్పనిసరి చట్టం మసాచుసెట్స్‌లో 1852లో మొదలైతే చివరి రాష్ట్రం మిస్సిసిప్పీకి చేరేసరికి 1918 అయింది. బడి భవనం, టీచరు, పుస్తకం అన్నీ ఉన్నచోట కూడా పిల్లలు ఉండాలనిపించేలా అది మారడానికి ఇంకా కాలం పట్టింది.

ఒక కోకాకోలా

రాష్ట్రాల చట్టాలకి ఒక చిక్కు ఉంది. ఒక రాష్ట్రం గట్టిగా అమలు చేస్తే మిల్లు పక్క రాష్ట్రానికి పోతుంది. అందుకని దేశం మొత్తానికీ ఒకే చట్టం కావాలన్న ఒత్తిడి పెరిగింది. 1916లో కీటింగ్-ఓవెన్ చట్టం వచ్చింది. ఫ్యాక్టరీల్లో పద్నాలుగేళ్ళలోపు, గనుల్లో పదహారేళ్ళలోపు పిల్లలతో చేయించిన సరుకు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్ళకూడదు. పద్నాలుగు నుంచి పదహారు మధ్య వాళ్ళకి రోజుకి ఎనిమిది గంటలే, రాత్రి పని లేదు.

దక్షిణాది మిల్లు యజమానులు దీన్ని కొట్టేయించడానికి తగిన కుటుంబం కోసం వెతికారు. నార్త్ కరొలైనాలోని షార్లట్‌లో రోలండ్ డేగన్‌హార్ట్ దొరికాడు. ఆయనా మిల్లు కార్మికుడే, ఇద్దరు కొడుకులూ అక్కడే. చిన్నవాడిని చట్టం పూర్తిగా ఆపేస్తుంది, పెద్దవాడి గంటలు తగ్గిస్తుంది. నా కొడుకుల సంపాదన నా హక్కు, దాన్ని ప్రభుత్వం లాక్కుంటోందన్నది దావా. లాయర్ల ఖర్చు ఆయనది కాదని వేరే చెప్పనక్కర్లేదు.

1918 జూన్‌లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో చట్టాన్ని కొట్టేసింది. సరుకు తయారీ వేరు, వ్యాపారం వేరు, తయారీ రాష్ట్రాల పరిధి, బట్టలో ఏ విషమూ లేదు కదా అన్నది మెజారిటీ వాదన. ఓడిన పక్షాన జస్టిస్ హోమ్స్ రాసిన తీర్పులో, నాగరిక దేశాలన్నీ ఒప్పుకున్న విషయం ఏదైనా ఉందంటే అది పిల్లలతో చిన్నతనంలో మితిమీరి పని చేయించడం చెడ్డదన్నదే అన్నాడు. లాటరీ టికెట్లు రాష్ట్రాలు దాటకుండా ఆపొచ్చని ఒప్పుకున్న కోర్టు పిల్లల దగ్గరికొచ్చేసరికి ఆపకూడదంది. ఈ తేడా ఎందుకో ఆ తీర్పు ఎన్నిసార్లు చదివినా సరిగ్గా అర్థం కాదు.

కొన్నేళ్ళ తర్వాత ఒక విలేకరి ఆ పెద్ద కొడుకు రూబెన్‌ని వెతుక్కుంటూ వెళ్ళాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు, పెళ్ళయింది, ఒక బిడ్డ. బరువు 105 పౌన్లు, అంటే 48 కిలోలు. పన్నెండేళ్ళప్పటి నుంచీ రోజుకి పన్నెండు గంటలు పనిచేశానని, ముప్పై కిలోలు కూడా లేని రోజుల్లో తనకంటే బరువైన మూటలు ఎత్తానని చెప్పాడు. కేసు గెలిచినందువల్ల నీకేం ఒరిగిందని అడిగితే, పెద్ద లాయర్లు ఊరు వచ్చినప్పుడు తనని కారులో తిప్పారని, తనకీ తమ్ముడికీ చెరో కోకాకోలా కొనిచ్చారని అన్నాడు. అంతే. చదువుకుని ఉంటే బాగుండేదని కూడా అన్నాడు.

తర్వాత ప్రభుత్వం పిల్లలతో పని చేయించే కంపెనీల లాభం మీద పది శాతం పన్ను వేసి చూసింది. 1922లో కోర్టు దాన్నీ కొట్టేసింది. ఇక రాజ్యాంగాన్నే మార్చాలని 1924లో సవరణ తెచ్చారు. పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళ పనిని నియంత్రించే అధికారం కాంగ్రెస్‌కి, అంటే అమెరికా పార్లమెంటుకి, ఉంటుందని దాని సారాంశం. ఇది వస్తే మీ అమ్మాయి ఇంట్లో గిన్నెలు కడిగినా కేసు పెడతారని ప్రచారం సాగింది. మసాచుసెట్స్ లాంటి ముందున్న రాష్ట్రంలో కూడా ఓటర్లు మూడింట రెండు వంతులకు మించిన మెజారిటీతో వద్దన్నారు. ఆమోదించాల్సిన రాష్ట్రాలు అప్పటి లెక్కన 36, ఆమోదించినవి 28. గడువు పెట్టలేదు కాబట్టి ఆ సవరణ సాంకేతికంగా ఈ రోజుకీ పెండింగ్‌లోనే ఉంది.

మరి తగ్గింది దేనివల్ల?

కోర్టులు ఇలా అడ్డం పడుతున్నా పనిచేసే పిల్లల అంకె పడిపోతూ వచ్చింది. 1910లో దాదాపు 20 లక్షలు, 1920లో పదిన్నర లక్షలు, 1930లో 6.67 లక్షలు. 1910 నుంచి 1920కి సగమైపోయిందని చదివితే ఆశ్చర్యంగా ఉంటుంది. అందులో ఒక మెలిక ఉంది. 1910 లెక్కలు ఏప్రిల్ మధ్యలో తీశారు, విత్తనాల కాలం, పిల్లలు పొలాల్లో ఉంటారు. 1920 లెక్కలు జనవరిలో తీశారు, పొలాల్లో పని ఉండదు. తగ్గుదల నిజమే, కానీ కాగితం మీద కనిపించినంత కాదు.

నిజంగా తగ్గిన చోట యంత్రాల పాత్ర పెద్దది. గాజు ఫ్యాక్టరీల్లో రాత్రంతా కొలిమి పక్కన వేడి సీసాలు మోసే కుర్రాళ్ళు వేలల్లో ఉండేవాళ్ళు. 1903 ప్రాంతంలో మైకేల్ ఓవెన్స్ అనే ఆయన సీసాలు వాటంతటవే ఊదే యంత్రం తయారుచేశాడు. ఆ కుర్రాళ్ళ పని పోయింది. ఓవెన్స్ కూడా పదేళ్ళ వయసులో గాజు ఫ్యాక్టరీలో పనికి చేరినవాడే. పెద్ద పెద్ద దుకాణాల్లో డబ్బూ రసీదూ పట్టుకుని కౌంటర్ల మధ్య పరిగెత్తే పిల్లల స్థానంలో గాలి గొట్టాలు, క్యాష్ రిజిస్టర్లు వచ్చాయి. ఇంకోవైపు ఆఫీసు ఉద్యోగాలు పెరిగి, హైస్కూలు చదివినవాళ్ళకి మంచి జీతం దొరకడం మొదలైంది. 1910లో పద్దెనిమిదేళ్ళ వాళ్ళలో హైస్కూలు పూర్తిచేసినవాళ్ళు పదిమందికి ఒకరు కూడా లేరు. 1940కి ఇద్దరిలో ఒకరు. టీనేజర్ అన్న మాట జనం నోళ్ళలో బాగా నలిగింది కూడా ఆ నలభైల్లోనే. పని లేని, పెళ్ళి కాని, బడికి వెళ్ళే పదహారేళ్ళ మనిషికి అంతకుముందు పేరు పెట్టాల్సిన అవసరం రాలేదు.

1929 తర్వాత మహా మాంద్యంలో ఇంకో మార్పు వచ్చింది. పెద్దవాళ్ళకే ఉద్యోగాలు లేనప్పుడు పిల్లలకి ఎందుకు ఇస్తున్నారన్న కోపం. కార్మిక మంత్రి ఫ్రాన్సెస్ పెర్కిన్స్ ఈ గాలిని బాగా వాడుకుంది. 1938 జూన్‌లో వచ్చిన న్యాయమైన కార్మిక ప్రమాణాల చట్టం కనీస వేతనం గంటకి 25 సెంట్లతో పాటు, మామూలు పనులకి పదహారేళ్ళు, ప్రమాదకరమైన వాటికి పద్దెనిమిదేళ్ళు అని గీత గీసింది. 1941లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా దీన్ని సమర్థించి, డేగన్‌హార్ట్ తీర్పు తప్పని ఒప్పుకుంది.

ఈ గీత నిలబడటానికి ఇంకో పని చడీచప్పుడు లేకుండా జరిగింది. 1912లో ఏర్పడిన బాలల బ్యూరోకి జూలియా లేత్రాప్ అధిపతి. ఆమె మొదట పట్టుకున్న పనుల్లో జననాల నమోదు ఒకటి. ఎంతమంది పుట్టారో తెలియకుండా ఎంతమంది చనిపోతున్నారో, ఎవరికి ఎన్నేళ్ళో ఎలా చెప్పగలం అన్నది ఆమె వాదన. 1915లో దేశ జననాల నమోదు పరిధిలో ఉన్నవి పది రాష్ట్రాలు. అన్ని రాష్ట్రాలూ అందులోకి వచ్చేసరికి 1933 అయింది. పావలా ప్రమాణపత్రం విలువ అక్కడితో పోయింది.

గీత బయట ఉన్నవాళ్ళు

1938 చట్టం పిల్లలందరికీ కాదు. సినిమాల్లో నటించే పిల్లలకి మినహాయింపు ఇచ్చారు. పేపర్ బాయ్స్‌కి 1949 సవరణలో ఇచ్చారు. అన్నిటికంటే పెద్ద మినహాయింపు వ్యవసాయానికి. 1900 లెక్కల్లో పనిచేసే పిల్లల్లో సగానికి పైగా పొలాల్లోనే ఉన్నారు. వాళ్ళలో దక్షిణాదిలో కౌలుకి పత్తి పండించే నల్లజాతి కుటుంబాల పిల్లలు చాలా ఎక్కువ. మిల్లు ఉద్యోగాలు వాళ్ళకి ఇచ్చేవాళ్ళు కాదు. వాళ్ళ బడులు పత్తి ఏరే కాలానికి మూసేవాళ్ళు. హైన్ ఫొటోల్లో మిల్లు పిల్లలు దాదాపు అందరూ తెల్లవాళ్ళుగా కనిపించడానికి కారణం ఇదే.

సంస్కర్తల్లో కొందరి మనసులో కూడా ఈ రంగు లెక్క ఉంది. అలబామాలో ఉద్యమం మొదలుపెట్టిన ఎడ్గర్ గార్డనర్ మర్ఫీ లాంటివాళ్ళ బాధ ఏమిటంటే, నల్లపిల్లలు బడికి వెళ్తుంటే తెల్లపిల్లలు మిల్లుకి వెళ్తున్నారు, జాతి ఏమైపోతుందని. ఈ మాటని మర్యాదగా దాటేసే పుస్తకాలే ఎక్కువ. దాటేస్తే పొలం ఎందుకు బయట ఉండిపోయిందో అర్థం కాదు. చట్టం నెగ్గాలంటే దక్షిణాది సభ్యుల ఓట్లు కావాలి, పొలంలో చవక కూలి పోతే వాళ్ళు ఓటెయ్యరు. అందుకే పొలాన్ని వదిలేశారని చాలామంది చరిత్రకారులు అంటారు. మా ఇంటి పిల్లలు మా పొలంలో పనిచేస్తే తప్పేమిటని అడిగిన చిన్న రైతుల మాట కూడా నిజమే. చట్టం వాళ్ళ పేరు చెప్పింది, లాభం ఎక్కువగా పెద్ద తోటలకి పోయింది.

ఇప్పటికీ సమాఖ్య చట్టం ప్రకారం తల్లిదండ్రులు ఒప్పుకుంటే పన్నెండేళ్ళ పిల్లలు బడి లేని వేళల్లో ఇతరుల పొలంలో పనిచేయొచ్చు. ప్రమాదకరమైన పనికి ఇతర రంగాల్లో పద్దెనిమిదేళ్ళు నిండాలి, పొలంలో పదహారు చాలు. పొగాకు తోటలూ ఇందులోకే వస్తాయి. మంచుకి తడిసిన పొగాకు ఆకు పట్టుకుంటే నికొటిన్ చర్మంలోంచి ఒంట్లోకి పోయి వాంతులు, కళ్ళు తిరగడం మొదలవుతాయి. ఆ తోటల్లో ఇప్పుడు పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది లాటిన్ అమెరికా నుంచి వలస వచ్చిన ఇళ్ళవాళ్ళు.

2023 ఫిబ్రవరిలో అమెరికా కార్మిక శాఖ ఒక కేసు వివరాలు ప్రకటించింది. ఎనిమిది రాష్ట్రాల్లో 13 మాంసం కర్మాగారాల్లో రాత్రిపూట యంత్రాలు కడగడానికి ఒక శుభ్రత కంపెనీ 102 మంది పిల్లల్ని పెట్టుకుంది. వయసు 13 నుంచి 17. రంపాల్ని ఘాటైన రసాయనాలతో కడగాలి. జరిమానా 15 లక్షల డాలర్లు, అంటే తలకి సుమారు 15 వేలు. వాళ్ళలో కొందరు మైనర్లని కంపెనీ సొంత కంప్యూటర్లే చూపించినా కంపెనీ పట్టించుకోలేదని కార్మిక శాఖ చెప్పింది. నెబ్రాస్కాలో పద్నాలుగేళ్ళ ఒకరి విషయంలో బడి రికార్డుల్లో ఇంకో సంగతి నమోదై ఉంది: రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజామున అయిదు దాకా పనిచేసి వచ్చి, తరగతిలో నిద్రపోవడం.